మ్యాపు గంగాధర్‌ది, సంతకం నాది

మైనింగ్‌లో సీటు వచ్చిన పిల్లలు నాకు ఫోన్లు చేస్తుంటారు. ఎవరో మా ఊరివాళ్లు నంబరు ఇస్తారు. అందరూ అడిగేది దాదాపు ఒకటే. డిప్లొమా మంచిదా, డిగ్రీ మంచిదా, గల్ఫ్ గనులకు రావాలంటే ఏం చదవాలి అని. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాడిని. తరవాత తరవాత నా మాటలు నాకే విసుగు పుట్టించాయి. ఫోన్లో మనం మంచి సంగతులే చెబుతాం. తప్పుల గురించి చెప్పాలంటే రాయడమే నయం, ఎదుటివాడి ముఖం చూడాల్సిన పని లేదు. అందుకని అల్ ఖోబర్‌లో మా అమ్మాయి ఇంట్లో, పిల్లలు బడికి పోయాక, డైనింగ్ టేబుల్ మీద ఇది రాస్తున్నాను.

ముప్పై ఆరేళ్లు గనుల్లో ఉన్నాను. ఇరవై ఏళ్లు కొత్తగూడెం వైపు బొగ్గు గనుల్లో, పదహారేళ్లు సౌదీలో. చివరి ఏళ్లు నజ్రాన్‌కు అవతల కొండల్లో ఒక రాగి గనిలో గడిచాయి. నా ప్రమోషన్ల గురించి ఇందులో ఉండదు. అవి మా ఇంట్లోవాళ్లకే గుర్తు లేవు.

రెండు దార్లు, ఒక ముడి

ముందు మీరు అడిగినదానికి జవాబు. పదో తరగతి తరవాత మూడేళ్ల డిప్లొమా ఒక దారి. ఇంటర్ తరవాత నాలుగేళ్ల డిగ్రీ ఇంకో దారి. డిప్లొమావాడు తొందరగా లోపలికి దిగుతాడు, చేతులకు పని తెలుస్తుంది. డిగ్రీవాడికి లెక్కలు బాగా వస్తాయి, కుర్చీ తొందరగా దొరుకుతుంది. ఎవరు ఏ దారిన వచ్చినా మన దేశంలో గని బాధ్యత చేతికి రావాలంటే సర్టిఫికెట్ పరీక్షలు రాయాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే భూమి కింద ఇంతకాలం పనిచేశాడని పైవాడు, అంటే పై అధికారి, రాసివ్వాలి.

ముడి అక్కడే ఉంది. పరీక్షకు అనుభవం కావాలి, అనుభవానికి ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి పరీక్ష పాసై ఉండాలి. ఈ గుండ్రంలో తిరిగి తిరిగి చాలామంది పిల్లలు చివరికి మొబైల్ షాపు పెట్టుకుంటారు. వాళ్లకు తెలివి లేక కాదు. రాసిచ్చే పైవాడు దొరక్క. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చాలాకాలం అలాంటి పైవాడిని.

నేను డిగ్రీవాడిని. మొదటి రోజు ఇస్త్రీ చొక్కాతో గని బావి దగ్గరకు వెళ్తే మల్లయ్య అనే ఓవర్‌మన్ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో మనుషులను, గని కప్పును కనిపెట్టి ఉండే మనిషి. "సార్, పుస్తకం పైన వెట్టి రాండ్రి. కింద సదివేటందుకు వెలుగుండది" అన్నాడు. ఆరు వారాలు నన్ను కప్పుకు ఆనించే కర్రలు మోసేవాళ్ల వెంట తిప్పాడు. ఆయన నోరు మంచిది కాదు. ఎంత తిట్టినా, తాను నిలబడి చూడని చోటు గురించి రిపోర్టు పుస్తకంలో ఒక్క అక్షరం రాసేవాడు కాదు. అనుమానం వస్తే మైలు దూరం వెనక్కి నడిచి, చూసి వచ్చి రాసేవాడు. నాకది చాదస్తంగా తోచేది. ఆయన దగ్గర నేర్చుకున్నవన్నీ నాకు ఉపయోగపడ్డాయి, ఈ ఒక్కటి మాత్రం వయసు మీద పడ్డాక వదిలేశాను.

రాతి గనిలో చెవి పనిచేయదు

బొగ్గు గని నుంచి వచ్చినవాళ్లకు చెవి మీద నమ్మకం ఎక్కువ. కప్పు దిగేముందు ఆనించిన కర్ర చిటపటమంటుంది. ఆ చప్పుడు విని బతికినవాళ్లం మేం. రాగి గనిలో కర్రలుండవు. రాయి గట్టిది, చప్పుడు చేయదు. దానికి పగుళ్లుంటాయి. మూడు పగుళ్లు ఒకచోట కలిస్తే మధ్యలో రాయి ఊడి పడుతుంది, ముందు ఒక్క మాటైనా చెప్పదు.

అందుకని ప్రతి బ్లాస్టు తరవాత, ఊగుతున్న రాళ్లను రాల్చేశాక, ఇంజనీరు సొరంగం చివర కొత్తగా బయటపడ్డ రాతి గోడ దగ్గరకు వెళ్లాలి. ఆ గోడనే ఫేసు అంటాం. దాని మీది ప్రతి పగులూ ఎటు పోతోందో, ఎటు వాలిందో కంపాస్‌తో కొలిచి కాగితం మీద గీయాలి. అదే ఫేసు మ్యాపు. కప్పుకు ఎక్కడ ఇనుప బోల్టులు కొట్టాలో దాన్ని చూసే నిర్ణయిస్తారు. మ్యాపు కింద గీసినవాడి సంతకం ఉండాలి. మా సెక్షన్‌లో ఆ సంతకం నాది.

నిజం చెబుతాను, రాయిని కంటితో చదవడం నాకు నలభై అయిదేళ్ల వయసులో మొదలైంది. బాగానే వచ్చింది గాని, చిన్నప్పుడు నేర్చినంత బాగా రాలేదు. మీరు ఏ రకం గనిలోకి పోవాలనుకుంటున్నారో అందులోనే మొదటి ఏళ్లు గడపండి. మారాల్సి వస్తే కొత్తగా చేరినవాడిలాగే చేరండి. నేను పెద్ద సారుగా వచ్చాను కాబట్టి అడిగి నేర్చుకోవడానికి నామోషీ పడ్డాను.

టేపు పట్టుకున్న మనిషి

గంగాధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. నా దగ్గరకు వచ్చేసరికి ఇరవై ఏడేళ్లు, పెళ్లయింది. కూలీలను పంపే కాంట్రాక్టరు ద్వారా వచ్చాడు. సౌదీలో ఉండటానికి ఇచ్చే ఇకామా కార్డులో వృత్తి దగ్గర 'ఆమిల్' అని ఉండేది, అంటే ఉత్త కూలి. ఫేసు దగ్గర నాకు టేపు పట్టుకోవడం, దీపం చూపించడం అతని పని. మాట తక్కువ.

వచ్చిన నెలలోనే ఒకరోజు నేను రాస్తుంటే వెనక నుంచి మెల్లగా అన్నాడు.

"సార్, ఆ పగులు పడమర దిక్కు వాలింది. మీరు తూర్పని రాసిండ్రు."

కంపాస్ మళ్లీ పెట్టి చూశాను. అతను చెప్పిందే నిజం.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"ఊకెనే సార్, చూసి చెప్పిన."

"ఊకెనే తెలిసేది కాదిది. ఏం చదివినవ్?"

కాసేపు దీపం అటూ ఇటూ తిప్పాడు. "మైనింగ్ డిప్లొమా సార్. ఎవ్వలకు చెప్పకుండ్రి" అన్నాడు.

సంగతి ఇదీ. డిప్లొమా పాసై రెండేళ్లు నేను పైన చెప్పిన గుండ్రంలో తిరిగాడు. ఆఖరికి ఒక ఏజెంటు, సౌదీలో గని ఉంది, కూలి వీసా ఉంది అన్నాడట. చదువుకున్నవాడని తెలిస్తే కాంట్రాక్టరు తీసుకోడు, నోరు మూసుకో అని కూడా చెప్పాడట. సర్టిఫికెట్ ఇంట్లో పెట్టెలో పెట్టి వచ్చాడు. కూలి అయితేనేం, దిగేది గనిలోకే కదా, ఆ ఏళ్లన్నీ అనుభవం కింద లెక్కకు వస్తాయని అతని ఆశ. రావు. ఆమిల్‌గా పదేళ్లు చేసినా అది ఆమిల్ అనుభవమే. మన వైపు నుంచి వచ్చే డిప్లొమా పిల్లలు ఈ తప్పు ఇప్పటికీ చేస్తున్నారు. దయచేసి చేయకండి. సర్టిఫికెట్ దాచుకుని వచ్చినవాడికి దాన్ని బయట పెట్టే రోజు తనంతట తాను రాదు.

అప్పుడు నేను చేయాల్సింది ఆఫీసుకు వెళ్లి, ఈ మనిషికి చదువుంది, వృత్తి మార్పించండి అని చెప్పడం. నేను అన్నది మాత్రం, "సరే బిడ్డా, చెప్పను" అని. ఎంత దయగల మాటో చూడండి.

ఆ దయ వల్ల లాభం నాకే. మోకాళ్లు అప్పటికే అరిగాయి. పికప్ ర్యాంపు మీద దిగి సొరంగాలు కలిసే కూడలి దాకా పోతుంది. అక్కడి నుంచి పేలిన రాళ్ల మీద ఎక్కి దిగుతూ నడవాలి. మొదట కలిసి వెళ్లేవాళ్లం, అతను గీస్తే నేను దిద్దేవాణ్ని. ఎక్కడ పగులు గీత తెగుతుందో, తెగిన గీత పక్క ఫేసులో ఎక్కడ మళ్లీ కనిపిస్తుందో నాకు తెలిసినంతా చెప్పాను. అది మాత్రం మనస్ఫూర్తిగానే చెప్పాను. తరవాత నేను రాళ్ల ముందే ఆగిపోవడం మొదలైంది. ఆ తరవాత పికప్‌లోనే కూర్చున్నాను. అతను బోర్డు పట్టుకుని వెళ్లేవాడు, గంటలో మ్యాపు తెచ్చేవాడు. నేను ఏసీ కింద సంతకం పెట్టేవాణ్ని. రెండేళ్లు ఇలా నడిచింది. కుర్రాడికి పని వస్తోందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మాజిద్

మాజిద్ నజ్రాన్ వాడే. జెద్దాలో మైనింగ్ చదివి ట్రైనీ ఇంజనీరుగా నా కింద చేరాడు. సౌదీ ట్రైనీలంటే మనవాళ్లకు ఒక వెక్కిరింపు, హాజరు వేయించుకుని పోతారని. అలాంటివాళ్లూ ఉన్నారు, మనలో లేరా ఏమిటి. మాజిద్ ఇంట్లో ఖర్జూర తోట ఉంది. చల్లగా ఆఫీసు ఉద్యోగం చూసుకోక గనిలోకి ఎందుకని వాళ్ల నాన్న చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదట. అయినా వచ్చాడు. నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు, మా ఇద్దరిదీ ఇంగ్లీషే. ప్రతి ఫేసుకూ స్వయంగా నడిచేవాడు. ఆ నడకే నాకు ఇబ్బందిగా ఉండేది.

ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు మ్యాపు నా ముందు పెట్టాడు.

"ఉస్తాద్, ఇది చాలా మంచి మ్యాపు. నేను ఫేసుకు వెళ్లి పోల్చి చూశాను. అక్కడ గంగాధర్ ఒక్కడే కనిపించాడు."

నేను మ్యాపు తీసుకుని ఫైల్లో పెట్టాను.

"అతను ఎందుకు ఆమిల్‌గా ఉన్నాడు?" అని అడిగాడు. అందులో నింద లేదు, అర్థంకాక అడిగిన మాట. ఇక దాచలేక డిప్లొమా సంగతి చెప్పాను. మాజిద్ ముఖం వెలిగిపోయింది. కంపెనీ సూపర్‌వైజర్ల శిక్షణ మొదలుపెడుతోంది, ఏడాది కోర్సు, పాసైతే షిఫ్టు సూపర్‌వైజరు. కాంట్రాక్టరు మనుషులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎంపికైతే కంపెనీయే వృత్తి మార్పిస్తుంది. డిప్లొమా ఉండాలి, రెండేళ్లు గనిలో సాంకేతిక పని చేశాడని పై ఇంజనీరు రాసివ్వాలి. వచ్చే గురువారం ఆఖరు.

పై ఇంజనీరు అంటే నేనే.

గురువారం

గంగాధర్ ఇంటికి ఫోన్ చేసి డిప్లొమా సర్టిఫికెట్ ఫోటో తెప్పించుకున్నాడు. మర్నాడే నా దగ్గరకు వచ్చాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు.

రెండేళ్లు ఈ మనిషే మ్యాపులు గీశాడని నేను రాసిస్తే, మరి ఆ సంతకాలేమిటని అడుగుతారు. చూడని ఫేసులకు సంతకం పెట్టిన ఇంజనీరు అని నా ఫైల్లో ఎక్కుతుంది. రిటైర్‌మెంట్‌కు నాలుగు నెలలుంది. ముప్పై ఆరేళ్లు మచ్చ లేకుండా వచ్చినవాడినని నాకు మహా గర్వం.

"నేను పోయినంక మాజిద్ రాసిస్తడు. జెర ఓపిక పట్టు" అన్నాను.

"మాజిద్ సార్ నన్ను చూసింది ఎనిమిది నెలలే సార్. రెండేండ్లు చూసినోళ్లు మీరొక్కలే."

"చూద్దాంలే."

"సార్, నాకు ముప్పై నిండుతున్నయి. ఇంటికాడ నా పెండ్లాం అందరికీ నేను గనిల ఇంజనీరు దగ్గర పని నేర్చుకుంటున్న అని చెప్పుకుంటది. కూలి అని చెప్పదు. నేను నేర్చుకున్న మాట నిజమే కద సార్. అదే రాయమంటున్న, ఎక్కువ రాయకుండ్రి."

అంత పొడుగ్గా అతను మాట్లాడటం అదే మొదలు. బుధవారం మళ్లీ వచ్చాడు. గురువారం పొద్దున వచ్చి ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నేను కంప్యూటర్‌లో ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాను. గురువారం అయిపోయింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఆమిల్ పని

ఆదివారం షిఫ్టులో కూడలి దగ్గర పికప్ ఆపి బోర్డు ఇవ్వబోయాను. తీసుకోలేదు. టేపు ఒక చేత్తో, దీపం ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలే సార్. ఆమిల్ పని చేస్తున్న."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు తేలికగా ఉండేది, నేనూ కోప్పడేవాణ్ని. బోర్డు నేనే తీసుకుని, రాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ ఫేసు దాకా వెళ్లాను. అతను దీపం చక్కగా పట్టాడు. ఎక్కడ తడబడితే అక్కడ మోచేయి ఆసరా ఇచ్చాడు. కంపాస్ పెట్టాను, గీశాను. అరగంటలో మ్యాపు అయిందనిపించి మడిచాను.

గంగాధర్ కదల్లేదు. కప్పు వైపు చూస్తున్నాడు. కొంతసేపు తనలో తాను పోట్లాడుకున్నట్టు పెదవి కొరికాడు.

"సార్, ఎడమ దిక్కు ఆ సన్న గీత మీరు ఇడిసిండ్రు."

"అది సన్నదే కదా."

"ఐదు బ్లాస్టుల సంది నేను దాని ఎంబడే ఉన్న సార్. అది ఒక్కో మ్యాపుల ఒక్కో జాగల కనవడతది. అన్నీ కలిపి గీస్తే తిరిగి కూడలి మీదికి పోతది. అక్కడ ఇంకో రెండు పగుళ్లున్నయి. మనోళ్లు అన్నం తినేది దాని కిందనే."

ఆఫీసులో ఐదు మ్యాపులూ పక్కపక్కన పరిచాను. ఐదింటి మీదా నా సంతకం ఉంది. ఆ గీత ఐదింటిలోనూ ఉంది. నేను ఒక్కసారీ వాటిని కలిపి చూడలేదు. మాజిద్‌ను పిలిచాను, ముగ్గురం కూడలికి వెళ్లి చూశాం. గంగాధర్ చెప్పింది అక్షరాలా నిజం. అప్పటికప్పుడు గొలుసు కట్టి మనుషులను ఆపించాం. రెండు రోజులు పొడుగు బోల్టులు కొట్టారు. మూడు పగుళ్ల మధ్య రాయి ఎంతుందో కొలిస్తే మా పికప్ కంటే పెద్దది. దాని కింద మనుషులు సాంబారు గిన్నెలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక ఆమిల్ పని మాత్రమే చేస్తానని ఒట్టు పెట్టుకున్న మనిషి, ఆ ఒట్టును మొదటి పూటే ఎందుకు వదిలాడో చూడండి. గని బాధ్యత అంటే నాకు అంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు. దానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సిన చేయి మూడు రోజుల క్రితం మౌస్ కదుపుతూ కూర్చుంది.

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. రెండేళ్ల మ్యాపులు గంగాధర్ గీశాడు, సంతకాలు నావి, చాలా ఫేసులకు నేను వెళ్లలేదు, కూడలి ప్రమాదాన్ని పట్టింది అతనే. ఇంతే రాశాను. మేనేజరు దక్షిణాఫ్రికా ఆయన, పెద్దగా మాట్లాడడు. రెండుసార్లు చదివాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు.

"అవును" అన్నాను.

"ఉత్తరం వారం ముందు వచ్చి ఉంటే బాగుండేది. లిస్టు ఖలాస్. వచ్చే ఏడాది చూడాలి."

నా సంతకం హక్కు తీసేశారు. రెండేళ్ల మ్యాపులన్నీ మాజిద్, గంగాధర్ కలిసి మళ్లీ సరిచూశారు. నన్ను మిగిలిన నాలుగు నెలలూ పైన క్లాసురూములో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పమన్నారు. వీడ్కోలు సభ జరగలేదు. నేనే వద్దన్నానని ఇంట్లో చెప్పాను.

మీకు చెప్పదలచింది

డిప్లొమానా డిగ్రీనా అన్నది చిన్న సంగతి. ఏది దొరికితే అది చదవండి, చదివింది దాచకండి. మొదటి రోజే కాగితాలు బయట పెట్టండి, కాంట్రాక్టరు వద్దంటే ఇంకో చోటు చూసుకోండి. మీ పని మీద మీ పేరు లేకపోతే మొదటి వారమే అడగండి. రెండేళ్ల తరవాత అడిగితే ఎదుటివాడికి సమాధానం చెప్పడం నాకైనట్టే కష్టమవుతుంది. ఎంత మంచివాడైనా సరే. నేను మంచివాణ్ననే అందరూ అనేవాళ్లు, గంగాధర్ కూడా.

ఇక మీరు పెద్దవాళ్లయి సంతకం చేతికొచ్చినప్పటి సంగతి. మీ కింద ఒకడు పని నేర్చుకుంటాడు. మీకు మోకాళ్లు నొప్పి పుడతాయి. వాడు చురుకైనవాడు. ఆ రోజు జాగ్రత్తగా ఉండండి.

గంగాధర్ ఆ ఏడాది అంతా ఆమిల్‌గానే చేశాడు. మొదటి బ్యాచ్‌లో చేరిన ఒక పాకిస్తానీ కుర్రాడికి మ్యాపు గీయడం నేర్పింది గంగాధరే. ఆ కుర్రాడు ఈ ఏడాది అతనికి సూపర్‌వైజరు. మాజిద్ వెంటపడి డిప్లొమాకు ముద్రలు వేయించి, నా ఉత్తరం జత చేసి, రెండో బ్యాచ్‌లో అతని పేరు పెట్టించాడు. మొన్న శిక్షణ మొదలైంది. ఆ మధ్యాహ్నం గంగాధర్ ఫోన్ చేశాడు.

"సార్, శిక్షణల ఇచ్చిన ఫారం నింపిన. మీకు ఫోటో పంపిన, ఒక్కసారి చూడుండ్రి. తప్పులుంటే చెప్పుండ్రి."

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. తప్పులేమీ లేవు, అతని చేతిరాత ఎప్పుడూ పొందికగానే ఉంటుంది. పేరు, చదువు, అనుభవం రాశాడు. పని నేర్పింది ఎవరు అన్న గడిలో నా పేరు రాశాడు. ఏడాది ఆపింది ఎవరని ఆ ఫారంలో గడి లేదు.